నడిమి సీటువారి కిటికీ

ఈ మధ్య ఒక వాదం తరచుగా చెవిని పడుతున్నది. విమానంలో ప్రతి సీటు వీపునా ఒక్కొక్క తెర బిగించడం పాతకాలపు ఆడంబరమట. అందరి చేతిలోనూ ఫోను ఉండగా ఆ తెరలెందుకు, ఆ తీగలెందుకు, ఆ బరువెందుకు అని ప్రశ్న.

ఈ మాట అనేవారు రెండు తెగలు. ఒకరు విమాన సంస్థల లెక్కలు చూసేవారు. వారి బాధ వారిది, అది అర్థం కాకపోదు. రెండవవారు మనవాళ్ళే, అంటే చదువరులు. "పదహారు గంటల ప్రయాణంలో నాలుగు మంచి పుస్తకాలు చదువుకోక, ఆ డబ్బా ముందు కూర్చుని సినిమాలు చూడటమేమిటి?" అని వీరు ముక్కు విరుస్తారు. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పి బతికినవాణ్ణి కనుక నేను కూడా వీరి పక్షానే ఉంటానని కొందరు మిత్రులు అనుకున్నారు. ఉండను. ఈ ఒక్క విషయంలో నేను డబ్బా పక్షం.

ముందు మాట సంగతి చూద్దాం. వృత్తి పోయినా అలవాటు పోదు కదా! వినోదం అన్న మాటకు మూలం "నుద్" ధాతువు. నెట్టివేయడం, తోలివేయడం దాని అర్థం. బడలికను తోలివేసేది వినోదం. అంటే అది కులాసా వస్తువు కాదు, అలసినవాడికి అక్కరకు వచ్చేది. బండి తోలేవాడు పాట పాడినా, ఊడ్పులలో ఆడవాళ్ళు పదం అందుకున్నా అందుకే. మోకాళ్ళు చాపే వీలు లేకుండా పదహారు గంటలు కూర్చోబెట్టిన మనిషికి బడలిక ఉండదా? ఇక విమానం అన్న మాటకు "మా" ధాతువు మూలం, అంటే కొలవడం. ఆకాశాన్ని కొలుస్తూ పోయేది విమానం. అయితే సంస్కృతంలో మరొక విమాన శబ్దం కూడా ఉన్నది. అది "మన్" ధాతువు నుండి పుట్టి, అగౌరవం అనే అర్థాన్ని ఇస్తుంది. ఎకానమీ తరగతి ప్రయాణికులకు ఈ రెండవ వ్యుత్పత్తి మరింత చప్పున బోధపడుతుందని నా నమ్మకం.

కొలత మాట వచ్చింది కనుక కొలతలే చూద్దాం. విమానం పేరు ఒకటే అయితే లోపల కూడా ఒకటే అని మనం అనుకుంటాం. టికెట్టు కొనేటప్పుడు "బోయింగ్ 777" అని కనబడితే చాలు, పెద్ద విమానం, హాయిగా పోవచ్చు అనుకుంటాం. ఆ విమానం లోపలి వెడల్పు సుమారు 5.87 మీటర్లు. అది బోయింగ్ వారు నిర్ణయించినది. అందులో వరుసకు ఎన్ని సీట్లు అన్నది మాత్రం కొనుక్కున్న సంస్థ ఇష్టం. అదే 777-300ఈఆర్ రకంలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారు ఎకానమీలో వరుసకు తొమ్మిది సీట్లు వేశారు, ఎమిరేట్స్ వారు పది వేశారు. గొట్టం పెరగలేదు, మనిషి తగ్గలేదు, సీటు తగ్గింది. ఆ పదవ సీటు మిగిలిన తొమ్మిదిమంది భుజాలలోంచి కోసి తీసినదే.

787 కథ కూడా ఇంతే. ఆ విమానాన్ని రూపొందించే రోజులలో వరుసకు ఎనిమిది సీట్ల ఏర్పాటునే విశాలమైనదిగా చూపారు. ఆ ఎనిమిదితో నిలిచినది జపాన్ ఎయిర్‌లైన్స్. మన ఎయిర్ ఇండియాతో సహా చాలా సంస్థలు తొమ్మిది వేసుకున్నాయి. ఎయిర్‌బస్ ఏ350లో తొమ్మిది సీట్లు సుఖంగా ఇముడుతాయి. ఫ్రెంచ్ బీ అనే సంస్థ అందులోనూ పది వేసింది. ఏ330 కాస్త సన్ననిది కనుక సాధారణంగా రెండు, నాలుగు, రెండుగా కూర్చోబెడతారు. దంపతులిద్దరూ మూడో మనిషిని లేపకుండా కూర్చోగల ఏర్పాటు అది. పాత విమానమని దానిని చిన్నచూపు చూసేవారు ఈ సంగతి గమనించరు.

మరి ఈ పది సీట్ల వరుసలో కిటికీ దక్కేది ఎందరికి? ఇద్దరికి. మిగిలిన ఎనిమిదిమందికి బయటి లోకం లేదు. ఆ ఇద్దరికైనా పూర్తిగా ఉన్నదా అంటే, 787లో కిటికీకి తెరచీల తలుపు కూడా ఉండదు. మీట నొక్కితే అద్దమే రంగు మారి చీకటవుతుంది. విమానమంతటా ఆ అద్దాలను ఒక్కసారిగా చీకటి చేసే అధికారం సిబ్బంది చేతిలో ఉన్నది. (ఆ విమానంలో మంచి కూడా లేకపోలేదు. చాలా విమానాలలో లోపలి గాలి ఒత్తిడి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్లుంటే, దానిలో 6,000 అడుగుల కొండ మీద ఉన్నట్లుంటుంది. దిగాక తలనొప్పి తక్కువ. ఇచ్చిన దానిని ఒప్పుకోవాలి కదా!)

ఈ లెక్క చూశాకనే నాకు ఆ తెర విలువ తెలిసింది. దానిలో నేను చూసేది ప్రధానంగా పటం. ఒక చిన్న విమానం బొమ్మ, దాని వెనుక గీత, కింద భూమి. ఎంత ఎత్తున ఉన్నాం, ఎంత వేగంతో పోతున్నాం, ఇంకా ఎన్ని గంటలు, బయలుదేరిన ఊళ్ళో టైము ఎంత, చేరే ఊళ్ళో ఎంత. కొన్ని విమానాలలో ముక్కు దగ్గరనో తోక మీదనో అమర్చిన కెమెరా నుండి నేల కూడా కనబడుతుంది. నడిమి సీటులో ఇరుక్కున్న మనిషికి అది సినిమా కాదు, అదే కిటికీ.

ఇది ఎవరికి అవసరమో చెప్పాలి. హైదరాబాదు నుండి గల్ఫు మీదుగా డాలస్‌కో, మరో అమెరికా ఊరికో పోయే విమానాలలో నడివయస్సు దాటిన మన తెలుగు తల్లిదండ్రులు ఎందరుంటారో ఆ దారిన పోయినవారందరికీ తెలుసు. కూతురి పురిటికో, కోడలి పురిటికో పోతారు. ఇంగ్లీషు రాదు, హిందీ అంతంతమాత్రం. దుబాయి నుండి డాలస్‌కు దాదాపు పదహారు గంటలు. అటువంటి ఒక ప్రయాణంలో నా పక్క నడిమి సీటులో డెబ్బై దాటిన ఒకావిడ కూర్చున్నారు. మా వరుసలో తెరలు నల్లగా ఉండిపోయాయి. సిబ్బందిని అడిగితే రెండుసార్లు ఆపి వెలిగించే ప్రయత్నం చేసి, క్షమాపణ చెప్పి వెళ్ళిపోయారు. (సంస్థ పేరు ఇక్కడ అప్రస్తుతం.) గంటకొకసారి ఆవిడ, "అన్నయ్యగారూ, ఎంత దూరం వచ్చామండీ? మన ఊళ్ళో ఇప్పుడు ఎన్నింటయింది?" అని అడిగేవారు. కాలక్షేపానికి అడుగుతున్నారనుకున్నాను. ఆవిడకు చక్కెర జబ్బు. మాత్రలు మన ఊరి టైము ప్రకారం వేసుకోమని కొడుకు ఫోనులో చెప్పాడట. చేతి గడియారం లేదు. ఫోను ఉన్నది కానీ విమానం ఎక్కగానే దానిని ఆపి సంచిలో పెట్టి, ఆ సంచిని పైన పెట్టించేశారు. "అందరి చేతిలోనూ ఫోను ఉన్నది కదా" అనేవారు చూడవలసిన ఫోను అది.

సరే, ఫోను వాదాన్నే మరికొంత చూద్దాం. సొంత ఫోనులో సినిమా చూడాలంటే చాలా చోట్ల ముందుగా వారి యాప్ దింపుకోవాలి, వైఫై పట్టుకోవాలి, చెవులకు తగిలించుకునేది సొంతంగా తెచ్చుకోవాలి. ఫోనును గంటల తరబడి నిలబెట్టడానికి ఒక చోటు కావాలి, ఛార్జింగు ఉండాలి. సీటు దగ్గర ఛార్జింగు సదుపాయం లేని విమానాలు ఇప్పటికీ ఎగురుతున్నాయి. పవర్ బ్యాంకు తెచ్చుకుంటే పోలేదా అంటారు. ఆ లిథియం బ్యాటరీలు అంటుకుంటున్నాయన్న భయంతో సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ నుండి, ఎమిరేట్స్ 2025 అక్టోబరు నుండి విమానంలో వాటిని వాడరాదన్నాయి. నిషేధం సబబే, నేను కాదనను. ఈ రెండు సంస్థలూ తెరలు తీయలేదు కూడా. కానీ తెర తీసేసి నీ ఫోను నువ్వు తెచ్చుకోమనే సంస్థ కూడా రేపు ఇదే నియమం పెడితే, ఆ ప్రయాణికుడి గతి ఏమిటి? తెర ఖర్చును అతని నెత్తిన వేసి, దానికి ఆధునికత అని పేరు పెట్టడం నాకు మింగుడు పడదు.

తెర ఉంటే టికెట్టు ధర పెరుగుతుందన్న వాదమొకటి. 2000లో అమెరికాలో చవక ధరలతో బయలుదేరిన జెట్‌బ్లూ అనే సంస్థ ప్రతి సీటుకూ టీవీ పెట్టే బయలుదేరింది. ఆ తెరలే దానికి పేరు తెచ్చాయి. మన దేశంలో 2005లో మొదలైన కింగ్‌ఫిషర్ కూడా చిన్న ఏ320 విమానాలలో తెరలు పెట్టింది. ఆ సంస్థ 2012లో మూతపడింది నిజమే గాని, దాని కథ తెలిసినవారెవరూ ఆ నేరం తెరల మీద మోపరు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2017లో తన కొత్త 737 మాక్స్ విమానాలకు తెరలుండవని ప్రకటించింది. డెల్టా తెరలను వదలలేదు. 2021లో యునైటెడ్ సంస్థ తన ప్రధాన శ్రేణి చిన్న విమానాలన్నింటిలో ప్రతి సీటుకూ తెర పెడతానన్నది. తెరల కాలం నిజంగా చెల్లిపోయి ఉంటే, లెక్కలు చూసుకునే ఈ సంస్థలు డబ్బు పోసి వాటిని ఎందుకు పెడుతున్నట్లు?

బరువు వాదానికి ఒక ముక్కే. తెరకు, తీగకు బరువుంటుంది, ఇంధనం ఖర్చవుతుంది, ఒప్పుకుంటాను. వరుసకు పదవ మనిషిని, అతని పెట్టెలను ఎక్కించినప్పుడు ఆ బరువు గుర్తు రాలేదేం? అతను తన బరువుకు డబ్బు కడతాడు, తెర కట్టదు. బరువు వాదమంటే అంతే.

తెర వ్యతిరేకుల దగ్గర ఒక గట్టి వాదం ఉన్నది. ఆశ్చర్యమేమిటంటే దానిని వారు వాడరు. 1998 సెప్టెంబరు 2న స్విస్ ఎయిర్ 111 విమానం కెనడాలో నోవా స్కోషియా తీరాన సముద్రంలో కూలి 229 మంది మరణించారు. కాక్‌పిట్ పైభాగాన తీగలలో నిప్పురవ్వ పుట్టి, సులభంగా అంటుకునే పొరకు మంట పాకిందని కెనడా దర్యాప్తు సంస్థ 2003లో నివేదిక ఇచ్చింది. ఆ రవ్వతో ముడిపడిన తీగలలో ఒకటి తర్వాతి కాలంలో బిగించిన వినోద వ్యవస్థకు కరెంటు ఇచ్చే తీగ. పైగా, పొగ వచ్చినప్పుడు క్యాబిన్ కరెంటు తీసివేసే మీట నొక్కినా ఆగని విధంగా దానిని కలిపారు. ఇది ఎవరూ మరువరాని సంగతి. అయితే దాని నుండి నేర్చుకోవలసినది తీగలు సరిగా వేయమని, అంటుకునే పొరలు తీసేయమని, తనిఖీ గట్టిగా చేయమని. బడి పైకప్పు కూలితే కప్పు గట్టిగా వేయమంటాం గాని, పిల్లలు ఎవరి గొడుగు వారు తెచ్చుకోవాలని అనం.

పుస్తక ప్రియులకు వేరే జవాబు చెప్పాలి. నాయనలారా, చీకటి చేసిన విమానంలో మీ తలపై దీపం వెలిగితే పక్కవాడు నిద్ర లేక మిమ్మల్ని తిట్టుకుంటాడు. శుక్లాలు వచ్చిన కళ్ళకు ఆ దీపం చాలదు. చదువు రానివారు కూడా విమానమెక్కుతారు. చెవులు వినబడనివారు ఎక్కుతారు, వారికి మైకులో చెప్పే మాట అందదు, తెర మీది అక్షరమే దిక్కు. నాకు చదువు అబ్బింది కనుక అందరూ చదువుకోవాలనడం పండితుడికి తేలిక. ఆ తేలికతనమే నాకు చికాకు.

ఇక నేను కోరేది కొత్తదేమీ కాదు. మన తూనికలు కొలతల చట్టం ప్రకారం దుకాణంలో అమ్మే కందిపప్పు పొట్లం మీద తూకం, ధర ముద్రించి తీరాలి. లక్ష రూపాయలు పెట్టి కొనే సీటు మీద ఆ ముద్ర ఎందుకుండకూడదు? వెడల్పు ఎన్ని అంగుళాలు, ముందు సీటుకు ఎడమెంత, వరుసకు ఎందరు, తెర ఉన్నదా, ఛార్జింగు ఉన్నదా అన్న ఐదు ముక్కలు టికెట్టు మీద అచ్చు వేయండి. ఇచ్చిన మాట తప్పితే, అంటే తెర వెలగకపోతే, సొమ్ములో కొంత తిరిగి ఇవ్వండి. అమెరికాలో సీటుకు కనీస కొలతలు నిర్ణయించమని 2018లోనే ఆ దేశపు కాంగ్రెసు చట్టం చేసింది. విమానయాన అధికారులు 2022లో ప్రజాభిప్రాయం అడిగారు. కొలత నిర్ణయించడం కష్టమైతే ఉన్న కొలత చెప్పడానికేం కష్టం? ఎయిర్ ఇండియా 2022 డిసెంబరులో 27 బోయింగ్ 787-8లను, 13 బోయింగ్ 777లను కొత్త సీట్లతో, కొత్త తెరలతో మార్చడానికి 40 కోట్ల డాలర్లు కేటాయించింది. మంచిదే. మారినదేదో, మారనిదేదో టికెట్టు కొనే రోజునే తెలియాలి, ఎక్కి కూర్చున్నాక కాదు.

ఇంతలో అమ్మానాన్నలకు టికెట్లు కొనే పిల్లలకు ఒక మనవి. ధరతోపాటు వరుసకు ఎన్ని సీట్లో కూడా చూడండి. విమానం పేరు చూసి మోసపోకండి. ఒక చేతి గడియారం కొని మన టైము పెట్టి వారి చేతికి తొడగండి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, పై పెట్టెలో కాక చీర కొంగుకో జేబుకో అందేటట్లు పెట్టండి.

ఆ నల్ల తెరల సంస్థకు నేను ఉత్తరం రాశాను. ఆ విమానంలో సీటు వెడల్పు ఎంత, వరుసకు ఎందరు, మా వరుస తెరలు చెడిపోయి ఎన్నాళ్ళయింది అని మూడు ప్రశ్నలడిగాను. పదకొండు రోజులకు జవాబు వచ్చింది. నా అభిప్రాయం తమకెంతో విలువైనదన్నారు. కింద వచ్చే నెల చూపబోయే సినిమాల పట్టిక జతచేశారు.