సైకిలుకి ముహూర్తం

వాహనం కొనడానికి పంచాంగంలో ముహూర్తాలున్నాయి. సైకిలుకి మాత్రం ఎవరూ ముహూర్తం పెట్టించరు. అయినా "ఎప్పుడు కొంటే మంచిదండీ?" అని ఏటా ఇద్దరు ముగ్గురు విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. ఈ కాలేజీలోనే చదివి, ఇక్కడే పాఠాలు చెబుతూ, ఇప్పటికీ సైకిలు మీదే వచ్చేవాణ్ణి కాబట్టి నాకు తోచింది చెబుతాను.

జూన్, జూలైలలో కొత్త సైకిలు కొనకండి. బళ్ళు తెరిచే రోజులు. బేరానికి చోటుండదు. అంతకంటే ముఖ్యం, సైకిలు ఫ్యాక్టరీ నుంచి విడిభాగాలుగా వస్తుంది, షాపులో బిగిస్తారు. పొద్దున్నించీ బిగిస్తూనే ఉన్న కుర్రాడు మీ చక్రం వంకర తీరిగ్గా సరిచూస్తాడని ఆశ పెట్టుకోకండి. పైగా కొన్న వారానికే వాన, చెయినుకి తుప్పు. దసరాకి కొంటే ఆయుధపూజకి బాగుంటుంది, బెల్లో స్టాండో ఊరికే వేయించుకోవచ్చు కూడా. కానీ మన కోస్తాలో ఆ తర్వాతే గదా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు! 2025లో మాత్రం దసరా కలిసొచ్చింది. సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది.

చలిదేశాల్లో మంచు పడే నెలల్లో పాత మోడళ్ళు చవగ్గా వస్తాయంటారు. మన నల్ల సైకిలు మా నాన్నగారి రోజుల్నించీ అదే రూపంలో ఉంది. దానికి పాత మోడలేమిటి, కొత్త మోడలేమిటి? మొత్తానికి కొత్తది కొనేవారికి సంక్రాంతి వెళ్ళాక మంచిది. ఎండ పొడి, షాపు ఖాళీ, బిగించేవాడికి తీరిక. (ఈ సంచికకు ప్రకటన ఇచ్చిన షాపుల వారెవరైనా ఉంటే నన్ను మన్నించాలి.)

చెప్పడం తేలికే. 1988లో నేనిక్కడ చేరినప్పుడు గదికీ కాలేజీకీ నాలుగు కిలోమీటర్లు. నడిచాను. స్కాలర్‌షిప్పు చేతికొచ్చింది మార్చిలో. ఏప్రిల్లో, ఫైనలియర్ వాళ్ళు పెట్టెలు సర్దుకుంటుంటే, రెండు వందలకి సెకండ్‌హ్యాండు సైకిలొకటి కొన్నాను. బ్రహ్మాండమైన బేరం! కానీ అప్పటికి క్లాసులయిపోయాయి. సైకిలు వేసవంతా హాస్టలు వరండాలో ఎండకి పడి ఉంది. తిరిగొచ్చేసరికి టైర్లు బీటలు.

సైకిలు చవగ్గా దొరికే నెల వేరు, కుర్రవాడికి అది కావలసిన నెల వేరు, డబ్బు వచ్చే నెల వేరు. ఈ మూడూ కలిసిన సంవత్సరాన్ని నేను చూడలేదు. నిరుడు నా క్లాసులో ఒకమ్మాయి రెండు బస్సులు మారి వచ్చేది. మొదటి పీరియడు దాదాపు రోజూ పోయేది. హాజరు చాలక ఫైను కట్టింది. ఆ ఫైనుకి ఇంకాస్త కలిపితే పాత సైకిలొకటి వచ్చేది. అదే సమయంలో హాస్టలు వెనక షెడ్డులో యజమానులు వదిలేసి వెళ్ళిన సైకిళ్ళు, నేను లెక్కపెట్టినవే పదకొండు, తుప్పుపడుతున్నాయి. చివరికి వాటిని తూకానికి అమ్మేస్తారు.

అందుకని యూనియన్ వారికి ఒక మాట. వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర ఏప్రిల్లోనే సైకిళ్ళు కొనండి, ఇస్తానంటే ఊరికే తీసుకోండి. వేసవిలో నీడన పెట్టి, ఓవర్‌హాలింగ్ చేయించి, కాలేజీ తెరిచిన రోజున కొత్తవాళ్ళకివ్వండి. డబ్బు స్కాలర్‌షిప్పు వచ్చాక ఇస్తారు. పోతే బాధ్యత ఎవరిదంటారా? తాళం కొనండి. ఒకటీ అరా పోయినా, షెడ్డులో తుప్పుపట్టి పోతున్నవాటికంటే ఎక్కువేం పోవు.

ఈ ఏప్రిల్లో ఆ షెడ్డు తీయించే పూచీ నాది. గాలి పంపు మా ఇంట్లో ఉంది, తెస్తాను.