సైకిలు ముచ్చటతో సరిపుచ్చవలదు

సంపాదకులవారికి,

గతసంచికలో కమ్యూనిస్టు నాయకులు పుచ్చలపల్లి సుందరయ్యగారినిగూర్చిన వ్యాసమున, వారు పార్లమెంటునకు సైకిలుపై వెళ్ళిన ముచ్చటయే గాని, ఆ నిరాడంబరతకు మూలమైన దీక్షనుగూర్చి ఒక్క వాక్యమైనను లేకుండుట నాకు మిక్కిలి కష్టము కలిగించినది. 1913లో నెల్లూరు జిల్లాయందలి అలగానిపాడున, కలిగిన రైతుకుటుంబమున జన్మించియు, పేరుచివరి కులసూచకమును త్యజించి, స్వగ్రామముననే వ్యవసాయకూలీలను సంఘముగా గూర్చిన ధీరుడాయన. గట్టుమీది ఆసామి తన బంధువే యైనప్పుడు కూలి పెంచుమనుటకు ఎంత గుండెనిబ్బరము వలయునో పల్లెలో పుట్టిన నాబోటివారెరుగుదురు. కుంచము నిండకుండ కొలిచిన గింజలను కొంగున బట్టి, మారుమాటాడక మరలిన ఆడకూలీలను బాల్యమున మా కళ్ళమునొద్ద నేను కన్నులార జూచితిని. ఆ సైకిలు ముచ్చటతోబాటు అట్టివారికై వెలసిన కూలీలసంఘము మాటయు అచ్చువేయ ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు