వేదానికి ప్రయోగశాల ముద్ర ఎందుకు?

ఉపనిషత్ప్రవచనం ముగిసేలోపు ఏదో ఒక సందర్భంలో "దీనినే నేటి శాస్త్రజ్ఞులు కూడా నిరూపించారు" అన్న వాక్యం వినబడకపోతే శ్రోతలకు తృప్తి కలగని కాలం వచ్చింది. సూర్యమండలం నుండి ప్రణవనాదాన్ని నాసా వారు విన్నారట. కంప్యూటర్లకు సంస్కృతమే సర్వోత్తమ భాష అని వారే తేల్చారట. భరద్వాజ మహర్షి విమాన నిర్మాణ రహస్యాలను గ్రంథస్థం చేశాడట. భక్తమండలులలో ఈ మాటలు నిత్యపారాయణ స్థాయికి చేరుకున్నాయి. వీటిని ప్రచారం చేసేవారు శ్రుతిమాతను మహోన్నత పీఠంపై అధిష్ఠింపజేస్తున్నామని భావిస్తున్నారు. వాస్తవంలో జరుగుతున్నది దానికి సంపూర్ణ విపర్యయం. స్వతఃప్రమాణమైన శ్రుతిని సాక్షిబోనులో నిలబెట్టి, విశ్వవిద్యాలయపు పరిశోధకుణ్ణి న్యాయమూర్తి ఆసనంపై కూర్చోబెడుతున్నారు.

ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు, ప్రమాణశాస్త్రానికి సంబంధించినది. ధర్మరాజాధ్వరీంద్రుడు వేదాంతపరిభాషలో ప్రమకు రెండు లక్షణాలు చెప్పాడు. ఆ జ్ఞానానికి విషయమైనది అన్యప్రమాణం చేత అంతకుముందు తెలియనిదై ఉండాలి, తరువాత బాధింపబడనిదై ఉండాలి. అనధిగతత్వం, అబాధితత్వం అన్నవి ఈ రెండే. రూపాన్ని గ్రహించేది నేత్రం, శబ్దాన్ని గ్రహించేది శ్రోత్రం. నేత్రం చూసినదానికి శ్రోత్రం సాక్ష్యం ఇవ్వనక్కరలేదు, ఇవ్వలేదు కూడా. ప్రత్యక్షానుమానాలకు గోచరించే విషయాన్నే వేదం చెప్పిందని అంగీకరిస్తే, ఆ అంశంలో వేదవాక్యం అనువాదమాత్రం అవుతుంది, ప్రమాణం కాదు. మీమాంసకులు దీనిని ఎంతో స్పష్టంగా ప్రతిపాదించారు. కనుక దూరదర్శినితోనో సూక్ష్మదర్శినితోనో తెలుసుకోదగిన దానిని శ్రుతి ముందే చెప్పిందని గర్వించేవాడు, తనకు తెలియకుండానే, శ్రుతికి ప్రత్యేక ప్రయోజనం లేదని వాదిస్తున్నాడు.

శంకరభగవత్పాదులు గీతాభాష్యం అష్టాదశాధ్యాయంలో, అరవైయారవ శ్లోకం సందర్భంలో, ఈ విషయాన్ని మరింత నిర్దాక్షిణ్యంగా తేల్చారు. అగ్ని శీతలమని నూరు శ్రుతులు పలికినా వాటికి ఆ విషయంలో ప్రామాణ్యం సిద్ధించదని ఆయన నిర్ణయం. ఇది నాస్తికుని మాట కాదు, అద్వైత పరమాచార్యుని మాట. అగ్ని ఉష్ణస్వభావాన్ని నిర్ణయించేది త్వగింద్రియం. అక్కడ శ్రుతికి అధికారం లేదు, ఆ అధికారాన్ని శ్రుతి కోరలేదు కూడా.

కాంతివేగం సంగతి చూడాలి. ఋగ్వేదం ప్రథమ మండలంలోని సూర్యసూక్తానికి భాష్యం రాస్తూ సాయణాచార్యుడు, అర్ధనిమేషంలో 2,202 యోజనాలు సంచరించేవాడా అని సూర్యుని స్తుతించే ఒక స్మృతివచనాన్ని ఉదాహరించాడు. దీనిని పట్టుకుని, ఆధునికులు కొలిచిన సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్ల కాంతివేగం ఇందులో ఉన్నదని ప్రకటిస్తున్నారు. యోజనం అంటే ఎంత? భూవ్యాసం 1,600 యోజనాలని సూర్యసిద్ధాంతం, 1,050 యోజనాలని ఆర్యభటీయం. మొదటి లెక్కన యోజనం దాదాపు 8 కిలోమీటర్లు, రెండవ లెక్కన 12 కిలోమీటర్ల పైచిలుకు. నిమేషం అంటే ఎంత? కాష్ఠకు 15 నిమేషాలని విష్ణుపురాణం, 18 అని మనుస్మృతి. సూర్యసిద్ధాంతపు యోజనాన్ని విష్ణుపురాణపు నిమేషంతో కలిపితే వేగం సెకనుకు సుమారు 1,65,000 కిలోమీటర్లు వస్తుంది. ఆర్యభటుని యోజనాన్ని మనువు నిమేషంతో కలిపితే 3,00,000 వస్తుంది. అదే యోజనాన్ని విష్ణుపురాణపు నిమేషంతో కలిపితే 2,50,000 దగ్గర ఆగిపోతుంది. సమాధానం ముందే తెలిసినవాడు ఆ సమాధానాన్ని ఇచ్చే కొలతలను ఏరుకుంటున్నాడు. సాధ్యం ఉన్న చోటా లేని చోటా సమానంగా వర్తించే హేతువును నైయాయికులు సవ్యభిచారం అన్నారు. అది హేతువు కాదు, హేత్వాభాసం. పైగా ఆ వచనం స్తుతిస్తున్నది సూర్యుని గమనాన్ని, కిరణవేగాన్ని కాదు. ఇదే సాయణుడు తన వేదభాష్య భూమికలో, ప్రత్యక్షం చేతగాని అనుమానం చేతగాని తెలియరాని ఉపాయాన్ని బోధించడంలోనే వేదానికి వేదత్వం ఉన్నదని స్పష్టం చేశాడు. ఆయన పేరుతో ప్రచారం చేస్తున్నవారు ఆ భూమికను చదివినట్లు కనబడదు.

వైమానికశాస్త్రం కథ ఇంతకంటె విషాదకరం. భరద్వాజ ప్రణీతమని ప్రచారంలో ఉన్న ఈ గ్రంథాన్ని 1918 నుండి 1923 వరకు పండిత సుబ్బరాయశాస్త్రి చెప్పగా మరొకరు లిఖించారు. 1974లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అయిదుగురు పరిశోధకులు దీనిని పరీక్షించారు. వారు అపహాస్యంతో తోసిపుచ్చలేదు. గ్రంథపు భాషను, ఛందస్సును విచారించారు. అందులో వర్ణితమైన శకున, సుందర, రుక్మ, త్రిపుర విమానాల ఆకృతులను, భారాన్ని, చలనసూత్రాలను లెక్కగట్టారు. భాష వైదికం కాదనీ, రచన 1904కు పూర్వపుది కాజాలదనీ, వాటిలో ఏ ఒక్కటీ ఎగరగల లక్షణం కలిగినది కాదనీ తేల్చారు. ఆ నిర్ణయం వెలువడిన నాలుగు దశాబ్దాల తరువాత, 2015 జనవరిలో, ముంబయి భారతీయ సైన్స్ కాంగ్రెస్ వేదికపై అదే గ్రంథాన్ని ఆధారం చేసుకుని ప్రాచీన విమానవిద్యపై ప్రసంగం జరిగింది. 2019లో జలంధర్ సమావేశంలో ఆంధ్రదేశపు ఉపకులపతి ఒకరు కౌరవుల జననాన్ని పరీక్షనాళికా విధానంతో ముడిపెట్టారు. వ్యాసభగవానుడు గాంధారి గర్భక్లేశాన్ని చెప్పింది ఈర్ష్య ఎంతటి అనర్థానికి బీజమవుతుందో చూపడానికి. ఆ ధర్మసూక్ష్మం ఎగిరిపోయింది, నేతికుండలు మాత్రం మిగిలాయి.

సంస్కృతం, కంప్యూటర్ల మాటకు మూలం ఒక సత్యమే. 1985లో రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు కృత్రిమ మేధకు సంబంధించిన ఒక పత్రికలో వ్యాసం ప్రచురించాడు. వాక్యార్థాన్ని కారక సంబంధాలుగా విడదీసి చూపే సంస్కృత వైయాకరణుల పద్ధతి, జ్ఞానాన్ని యంత్రానికి అందించడానికి నాటి శాస్త్రజ్ఞులు నిర్మిస్తున్న అర్థజాలాలకు సదృశంగా ఉన్నదని అందులో చూపాడు. గంభీరమైన పరిశీలన అది. నాసా సంస్కృతాన్ని స్వీకరించిందన్న మాట అందులో లేదు. ఆ వదంతిని పదేపదే పంపించేవారిలో కర్తృ, కర్మ, కరణాది షట్కారకాలను ఒక్క వాక్యంలో గుర్తించగలవారు ఎందరు? నాగేశభట్టు మంజూషను చదవడానికి ఏళ్ళు పడుతుంది, వాట్సాప్ సందేశాన్ని పంపడానికి క్షణం చాలు.

"వేదగణితం" పేరిట ప్రసిద్ధమైన గ్రంథం విషయమూ ఇంతే. భారతీకృష్ణతీర్థస్వామివారి శరీరత్యాగానంతరం 1965లో వెలువడిన ఆ గ్రంథానికి సంపాదకత్వం వహించిన వాసుదేవశరణ్ అగ్రవాలా, అందులోని సూత్రాలు అథర్వవేదపు ఉపలబ్ధ పరిశిష్టాలలో ఎక్కడా కనబడవని పీఠికలోనే నిజాయితీగా చెప్పాడు. గణనకౌశలంగా వాటికి విలువ ఉన్నది. దానిని వేదమని పిలవడం వల్ల గణితానికీ లాభం లేదు, వేదానికీ లాభం లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపం వినవస్తుంది. యువతను ధర్మం వైపు ఆకర్షించడానికి ఇవి ఉపాయాలు, సత్యాసత్యాలను ఇంత కఠినంగా విచారించడం ఎందుకు అని. ఈ ఉపాయం ఫలితమేమిటో చూడవలసి ఉన్నది. పన్నెండేళ్ళ బాలుడు విమానకథను విశ్వసిస్తాడు. ఇరవయ్యేళ్ళకు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఇంజనీరింగు చదువుతూ 1974 నాటి పరిశోధనను చదువుతాడు. అతడు వైమానికశాస్త్రాన్ని మాత్రమే త్యజించడు. అదే నోటితో, అదే స్వరంతో తనకు చెప్పబడిన కఠోపనిషత్తును కూడా దానితోపాటే విసర్జిస్తాడు. నచికేతుని ప్రశ్నకు విమానంతో ఏ సంబంధమూ లేదని అతనికి ఎవరూ చెప్పలేదు. శ్రద్ధను అసత్యంతో పోషించినవారే ఆ శ్రద్ధావినాశానికి కర్తలు. ఈ పాపంలో విశ్వవిద్యాలయాలకు భాగం లేదు.

పూర్వులు ఇలా ప్రవర్తించలేదు. కేరళదేశంలో పరమేశ్వరుడు అయిదు దశాబ్దాలకు పైగా గ్రహణాలను స్వయంగా పరిశీలించి, పరంపరాగతమైన గణనకు, ఆకాశంలో కనబడుతున్న దానికి భేదం ఉన్నదని గ్రహించి, 1431లో దృగ్గణితాన్ని ప్రవర్తింపజేశాడు. ఆ పరంపరకే చెందిన నీలకంఠుడు సోమయాజి. అంటే వేదవిధి ప్రకారం సోమయాగం చేసినవాడు. ఆయనే 1501లో తంత్రసంగ్రహంలో బుధశుక్రుల గణనను సంస్కరించాడు. తరువాత జ్యోతిర్మీమాంసలో, దేవతానుగ్రహం మతినైర్మల్యాన్ని ఇస్తుందే తప్ప గ్రహస్థితులను ఉపదేశించదనీ, పరీక్షించి సవరించుకోవడం మానవుని బాధ్యత అనీ వాదించాడు. యాగశాలలో వేదం, ఆకాశం కింద నేత్రం. ఆ రెండింటి మధ్య ఆయనకు ఏ సంఘర్షణా లేదు. బుధుని స్థానం కోసం ఆయన వేదాన్ని అడగలేదు, స్వర్గసాధనం కోసం ఆకాశాన్ని అడగలేదు.

సమీపకాలంలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్న్యసించాలని తపించినవాడు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించినవాడు. ఆయన హార్వర్డుకు వెళ్ళి, జీవద్రవ్యాలలోని భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఫిస్క్‌తో కలిసి రూపొందించాడు. ఆ కొలతే కండరాలలోని ఫాస్ఫోక్రియేటిన్‌ను, ఏటీపీని వెలికితీసింది. తరువాత ఆయన నడిపిన పరిశోధనలు ఫోలిక్ ఆమ్లాన్ని, బోదకాలు వ్యాధికి హెట్రజాన్‌ను లోకానికి అందించాయి. చరకసంహితలో ఏటీపీ ఉన్నదని ఆయన ప్రకటించలేదు. రోగి బాధ తీరడానికి ఏది సాధనమో దానినే ఆశ్రయించాడు.

ప్రతిపక్షంలో ఉన్నవారి అతిక్రమణ కూడా ఇటువంటిదే. ధ్యాననిష్ఠుని మస్తిష్క చిత్రాలను చూపి, చైతన్యం నాడీకణాల వికారమని నిరూపితమైందని కొందరు పరిశోధకులు అంటారు. యంత్రం చూపినది దృశ్యం. ఆ చిత్రాన్ని చూస్తున్న దృక్కు ఆ చిత్రంలో ఎక్కడా లేదు, ఉండడానికి వీలు లేదు. ప్రాణాయామం వల్ల రక్తపోటు తగ్గుతుందా అన్నది పరీక్షించదగిన ప్రశ్న, పరీక్షించాలి కూడా. తగ్గిందని తేలితే యోగికి కిరీటం పెట్టనక్కరలేదు, తగ్గలేదని తేలితే యోగసూత్రాలు మునిగిపోవు.

ఛాందోగ్యం సప్తమాధ్యాయంలో నారదుడు సనత్కుమారుని సమీపించినప్పుడు తాను అధ్యయనం చేసిన విద్యలను వరుసగా చెప్పాడు. వేదాలతోపాటు గణితం, భూతవిద్య, నక్షత్రవిద్య, సర్పవిద్య, తర్కం అందులో ఉన్నాయి. నేటి విశ్వవిద్యాలయపు విభాగాల పట్టికకు అది తీసిపోదు. ఆ విద్యలను ఆయన నిందించలేదు, సనత్కుమారుడూ నిందించలేదు. అవన్నీ తెలిసి కూడా శోకం తరించలేదని నారదుడు ఒప్పుకున్నాడు. ఆ శోకంతోనే అక్కడికి వచ్చాడు. శోకం లేనివాడు, గర్వం మాత్రమే ఉన్నవాడు సనత్కుమారుని వద్దకు వెళ్ళి ఏమి అడుగుతాడు?

పూర్వుల విజ్ఞానంపై నిజమైన గౌరవం ఉన్నవారికి చేయవలసిన పని కొరత లేదు. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగునాట గణితానికి అంతటి ప్రాచీనమైన ఆకరం ఉన్నా, వైమానికశాస్త్రం పేరు విన్నవారిలో ఆయన పేరు విన్నవారు అరుదు. బ్రౌను సేకరించిన తాళపత్రాలు మద్రాసు ప్రాచ్యలిఖిత భాండాగారంలో ఉన్నాయి. తిరుపతిలో, హైదరాబాదులో కూడా ప్రాచ్యలిఖిత సంపద ఉన్నది. వాటి లిపిని చదివి, పాఠభేదాలను సరిచూసి, శుద్ధప్రతిని సిద్ధం చేయగలవారు ఏటేటా తగ్గిపోతున్నారు. ఆకుకు కీటకం పట్టే వేగాన్ని ఏ స్మృతివచనం చేతా కొలవనక్కరలేదు.