గనుల యూళ్లలో స్త్రీల యాట

గోడకు తగిలించిన గుండ్రని బల్లపై కొంత దూరమునుండి చిన్న బాణములను విసరు డార్ట్సు అను ఆటకై దేశములు తమ స్త్రీలలో ఆరితేరినవారి నేరి, జట్లు గూర్చి, జాతి చిహ్నములు గల చొక్కాలు తొడిగించి, సముద్రముల కావలకు బంపుచున్నవనిన మన పాఠకులలో గొందరికి నవ్వు రావచ్చును. ప్రపంచ డార్ట్సు సమాఖ్యవారి ప్రపంచకప్పు 1977లో నారంభమైనది. 1983 మొదలు అందు స్త్రీల పోటీలును జరుగుచున్నవి. ఇంగ్లండు, వేల్సు, నెదర్లాండ్సు, జపాను మున్నగు దేశములకు ఇది నవ్వులాట గాదు. ఈ సంగతిని గోదావరిఖని, రామగుండము ప్రాంతముల పాఠకుల ముందుంచుటకు మాకు గల కారణము వేరు. ఈ యాటకును బొగ్గు బస్తీలకును చుట్టరికము గలదు.

మొదట ఆట సంగతి. బల్ల నడిమి బిందువు నేలనుండి 1.73 మీటర్ల యెత్తున నుండవలెను. విసరువారు 2.37 మీటర్ల దూరమున గీచిన గీత దాటరాదు. 501 నుండి మొదలిడి, ప్రతి విసురున వచ్చిన సంఖ్యను దీసివేయుచు, కడపటి బాణమును రెట్టింపు గడిలో నాటి సరిగా సున్నకు దేవలెను. కావున చేతికి నిలుకడయు, మనస్సునకు లెక్కయు వలయును. కండబలముతో దీనికి పని లేదు. మూడంకెల తీసివేతను నోటితో జేయలేనివాడు ఈ యాటలో నెగ్గజాలడు. మన బడులలో గణితము చెప్పు పంతుళ్లు ఈ మాట గమనింతురుగాక! పురుషులకును స్త్రీలకును గీత యొక్కటే, బల్ల యొక్కటే. 2019 డిసెంబరులో లండనునందు జరిగిన వృత్తిక్రీడాకారుల ప్రపంచ పోటీలో ఫాలన్ షెర్రాక్ అను ఆంగ్లవనిత ఇరువురు పురుషులను వరుసగా నోడించినది. అంతకుముందు ఆ పోటీలో ఏ స్త్రీయు ఒక్క పందెమైనను గెలిచియుండలేదు. 2025 అక్టోబరులో బో గ్రీవ్స్ అను యువతి యువజన ప్రపంచ పోటీ ఉపాంత్యమున, అప్పటికే పెద్దల ప్రపంచ విజేతయైన ల్యూక్ లిట్లరునే గెలిచినది. మూడుమారులు స్త్రీల ప్రపంచ బిరుదము నందిన యీ బో గ్రీవ్స్ డాన్‌కాస్టరు పట్టణమునకు జెందినది. డాన్‌కాస్టరు యార్క్‌షైరులోని బొగ్గు గనుల నడుమ నున్న యూరు.

ఇంగ్లండులో గనివాడు పని ముగించి పైకి వచ్చి, మసి కడుగుకొని, సాయంకాలమునకు జేరు చోటు కార్మికుల క్లబ్బు. గోడకు డార్ట్సు బల్లయు, మధ్యను బిలియర్డ్సువంటి యాటల మేజాయు అచ్చటి సొత్తులు. అయితే ఆ క్లబ్బులు చిరకాలము పురుషులవి. స్త్రీలు అతిథులుగా రావచ్చును, కూర్చుండవచ్చును. సభ్యత్వపు హక్కు మాత్రము వారికి లేదు. 1978లో వేక్‌ఫీల్డు పట్టణమున షీలా కాప్‌స్టిక్ అను నామె తన యూరి క్లబ్బులో స్నూకరు ఆడుచుండగా, స్త్రీ యగుటచేత ఆడరాదని నిషేధించిరి. ఆమె యూరకుండలేదు. సంతకములు సేకరించినది, సభల ముందు నిలిచినది, దేశమంతట తనవంటి స్త్రీలను గూర్చుకొన్నది. క్లబ్బుల సమాఖ్య స్త్రీలకు సమాన సభ్యత్వము నొసగుటకు 2007 వచ్చినది! ఇరువది తొమ్మిదేండ్లు! ప్రజాస్వామ్యమునకు బుట్టినిల్లని చెప్పుకొను దేశమున, అందును శ్రమజీవుల సంఘములలో, ఒక మేజాకడ నిలుచు హక్కునకు పట్టిన కాలమిది. 2015 డిసెంబరులో యార్క్‌షైరునందలి కెల్లింగ్లీ గని మూతపడుటతో బ్రిటనులో లోతుగనుల శకము ముగిసినది. గనులు పోయినవిగాని గోడమీది బల్ల పోలేదు. దానిముందు ఇప్పుడు ఆడుబిడ్డలును నిలుచుచున్నారు.

ఇక మన గోదావరిఖని మాట. సింగరేణి కంపెనీలో నూటికి 51 వంతులు తెలంగాణ ప్రభుత్వమువి, 49 వంతులు కేంద్ర ప్రభుత్వమువి. అనగా ప్రజలదే. ఈ కంపెనీ బొగ్గు మాత్రమే త్రవ్వుచున్నదనుట తప్పు. క్వార్టర్లు దానివి, ఆసుపత్రి దానిది, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియము దానిది, క్లబ్బులు దానివి. కార్మికుల క్రీడలకు ప్రత్యేకముగా ఒక సంఘమును గలదు. ఏటేట పోటీలు జరుగుచున్నవి. వానిని మేము తక్కువ చేయము. కాని ఇట్టి హక్కులన్నియు ఉద్యోగమును బట్టి వచ్చునవి. ఉద్యోగమో, బాయి పని. 1952 నాటి గనుల చట్టము భూగర్భమున స్త్రీలకు పని లేదని శాసించినది. బాయి పురుషునిదైనప్పుడు మైదానమును చాలవరకు పురుషునిదే యగుటలో వింత యేమున్నది? స్త్రీలకొరకు సింగరేణి సేవా సమితి కుట్టుపని మున్నగునవి నేర్పుచున్నది. అది ఇంటికి నాలుగు రాళ్లు దెచ్చు విద్య, మంచిదే. కాని భర్తకు ఆటయు భార్యకు కుట్టుమిషనును అను పంపకము ఎవరు నిర్ణయించిరి?

కాలము మారినది. 2019లో సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణోద్యోగములలోనున్న స్త్రీలు పగటివేళ భూగర్భమున బనిచేయవచ్చునని కేంద్రప్రభుత్వము సడలింపు నిచ్చినది. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన కొత్త కార్మికస్మృతి, స్త్రీల సమ్మతిపై, అన్ని విధములైన పనులకును వారికి ద్వారములు తెరచినది. అదే 2025లో సింగరేణి తన చరిత్రలో మొదటిసారిగా స్త్రీలతో గని రక్షణదళమును సిద్ధపరచినది. పొగయు విషవాయువులును నిండిన బాయిలోనికి దిగి సాటివారిని బైటికి దెచ్చుటకు శిక్షణ పొందిన స్త్రీ, మైదానమున పరుగిడలేదనియు బల్లపై బాణము నాటలేదనియు ఇక నెవరు చెప్పగలరు?

సమర్థత యున్నదని వేరుగా నిరూపింప నవసరము లేదు. బొగ్గు పొరలు పోయిన దారినే గోదావరి వెంబడి దిగువకు బోయిన భద్రాచలము వచ్చును. గొంగడి త్రిష అచ్చటి బిడ్డ. 2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూరులో ముగిసిన పందొమ్మిదేండ్ల లోపు బాలికల క్రికెట్ ప్రపంచకప్పులో 309 పరుగులు తీసి, 7 వికెట్లు పడగొట్టి, పోటీ మొత్తములో నుత్తమ క్రీడాకారిణిగా నిలిచినది. స్కాట్లండుపై ఆమె చేసిన 110 పరుగులు ఆ పోటీల చరిత్రలోనే మొదటి శతకము. రాష్ట్రప్రభుత్వము కోటి రూపాయల పారితోషికము నిచ్చినది. సంతోషమే. అయితే ఆ బిడ్డ శిక్షణకై కుటుంబము భద్రాచలము విడిచి హైదరాబాదునకు తరలవలసి వచ్చినదని మరువరాదు. గెలిచిన పిమ్మట కోటి యిచ్చుట సులభము. గెలువకముందు, ఏ పేరును లేని పదేండ్ల పిల్లకు ఇంటికి దగ్గరలో ఒక నేల, ఒక గురువు నిచ్చుట కష్టము. మకాము మార్చలేని తండ్రులు ఎందరు! యైటింక్లయిన్ కాలనీలో మూడు శిఫ్టులు మారుచు బనిచేయు తండ్రి తన బిడ్డకొరకు ఉద్యోగము వదలి రాజధాని చేరగలడా? జాతీయ జట్టు అనుచున్నాము. మకాము మార్చగలిగిన వారినుండియే ఎన్నుకొన్నచో అందు జాతి యెంత?

కాంట్రాక్టు కార్మికులకు జీతము చాలదు, ఓపెన్‌కాస్టుల దుమ్ముతో ఊపిరాడదు, ప్రేలుళ్లకు గోడలు బీటలు వారుచున్నవి, ఇట్టివేళ ఆటల మాటలేమి యని గనులలో బనిచేయు మిత్రులు మమ్ము నాక్షేపింతురు. వారి మొదటి మాటలన్నియు నిజములే. వానిపై మా పోరు ఆగదు. కాని ఆ దుమ్ములోనే ఆడుపిల్లలు పెరుగుచున్నారు. లోతు బాయిలు ఒకటొకటిగా మూతపడి ఓపెన్‌కాస్టులు పెరుగుచున్న యీ కాలమున, బొగ్గు తరిగిన తరువాత ఈ యూళ్లకు మిగులునదేమియను ప్రశ్న డాన్‌కాస్టరునకు వలెనే రామగుండమునకును వచ్చి తీరును.

డార్ట్సే ఆడవలెనని మా పట్టుదల కాదు. ఆ యాటలో మన దేశపు పేరు ఇంకను చిన్నది. ప్రపంచ పోటీలో ఒక భారతీయుడు, నితిన్ కుమార్, మొదటి విజయము పొందుటయే 2025 డిసెంబరులో జరిగినది. కాని మైదానము చాలదు, డబ్బు లేదు అను సాకులు రెండును చెల్లని యాట యిది. ఒక గోడ, ఒక బల్ల, ఒక దీపము, ఎనిమిదడుగుల నేల యుండిన జాలును. కబడ్డీకైన, వాలీబాలుకైన ఇంతకు కొంత ఎక్కువ వలయునుగాని అదియు కంపెనీ శక్తికి మించినది గాదు.

కావున కంపెనీవారిని మేము కోరునది కొద్ది. ప్రతి క్లబ్బులోను ఉద్యోగినులకే గాక కార్మికుల భార్యలకు, కూతుండ్రకు, కాంట్రాక్టు కార్మికుల యాడువారికిని తమ పేరనే సభ్యత్వ మీయవలెను. వారమునకు మూడు సాయంకాలములైన హాలును వారికి వదలవలెను. స్టేడియమునందు శిక్షకురాలి నొకతెను నియమింపవలెను. క్రీడల పద్దులో స్త్రీలకై యెంత వ్యయమైనదో ఏటేట వేరుగా ప్రకటింపవలెను. కార్మిక సంఘములవారు తమ కోరికల పట్టీలలో దీనికి నొక పంక్తి చోటిత్తురా? గుర్తింపు సంఘపు టెన్నికలలో ప్రతి సంఘమును ఇంటింటికి వచ్చి ఆడువారిచేత చెప్పించి ఓట్లడుగుచుండును. ఈమారు వచ్చినప్పుడు ఆ యాడువారే ఈ ప్రశ్న నడుగవచ్చును.