ఆగడానికీ ఒక లెక్క ఉండాలి

మన భాషలో "నిదానమే ప్రధానం" అనే మాట ఉంది, "ఆలస్యం అమృతం విషం" అనే మాటా ఉంది. అవసరాన్ని బట్టి ఏది పనికొస్తే అది వాడేసుకుంటాం. హాస్టల్లో ఎవరైనా "కొత్త ప్రాసెసర్ వేద్దామనుకుంటున్నా" అంటే చాలు, సగం మంది మొదటి సామెత పట్టుకుంటారు, సగం మంది రెండోది. "ఆగరా, వచ్చే జనరేషన్ వస్తోంది" అని ఒకడు. "ఆగితే రేట్లు పెరుగుతాయి, వెంటనే కొనెయ్" అని ఇంకొకడు. ఇద్దరిలో ఒక్కడు కూడా "ఇప్పుడు నీ సిస్టంలో ఏముంది? ఏం ఆడతావు?" అని అడగడు. నా గొడవంతా అక్కడే.

నా సంగతే తీసుకోండి. నా దగ్గర ఉన్నది రైజెన్ 5 2600. 2018లో వచ్చిన చిప్. బీ450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1660 సూపర్ కార్డు. అన్నీ సెకండ్ హ్యాండే. వేసవి ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లో ఖర్చులు పోను మిగిలింది 14,000 రూపాయలు. దాంతో ఇప్పుడు ప్రాసెసర్ మార్చాలా, లేక దాచుకుని ఉద్యోగం వచ్చాక మొత్తం కొత్త సిస్టమే కట్టుకోవాలా? వినడానికి చిన్న ప్రశ్నే. కానీ ఫైనలియర్‌లో ఆ డబ్బే పరీక్ష ఫీజు, ఇంటర్వ్యూలకి రైలు టికెట్, అవసరమైతే ఇంటికి పంపాల్సిన మొత్తం. అందుకే ఊరికే సామెతతో తేల్చేయలేను.

ముందు "ఆగు" అనేవాళ్ల వాదన చూద్దాం. 1965లో గోర్డన్ మూర్ చెప్పింది మనందరం చదివాం. చిప్ మీద ట్రాన్సిస్టర్ల సంఖ్య రెట్టింపవుతూ పోతుందన్నాడు. 1975లో ఆ గడువుని రెండేళ్లుగా సవరించాడు. దాని నీడలోనే ఒక నమ్మకం పెరిగింది: ఎంత ఆగితే అంత లాభం, వచ్చే ఏడాది ఇదే డబ్బుకి ఇంకా మంచిది వస్తుంది. చాలా ఏళ్లు అది నిజమే. కానీ 2025 చివర్లో ర్యామ్ ధరలు చూసినవాళ్లెవరూ ఆ మాట ధైర్యంగా అనలేరు. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మూడూ ఏఐ డేటా సెంటర్లకి కావాల్సిన మెమరీ వైపు మొగ్గాయి. డిసెంబర్‌లో మైక్రాన్ అయితే మనలాంటివాళ్లకి క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారాన్నే మానేస్తున్నట్టు ప్రకటించింది. "కొన్నాళ్లు పోతే డీడీఆర్5 చవకవుతుంది" అని కూర్చున్నవాళ్లకి ఆగినందుకే ఫైన్ పడింది. పన్ను తగ్గుతుందని ఆగినవాళ్లకీ అంతే. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మార్చినప్పుడు ఏసీలు, పెద్ద టీవీలు 28 శాతం నుంచి 18కి దిగాయి. కంప్యూటర్లకి ముందూ 18 శాతమే, తర్వాతా 18 శాతమే.

అలాగని "కొనెయ్" బ్యాచ్‌ది కరెక్టా? వాళ్ల లెక్క ఇంకా విచిత్రం. జీటీఏ 6 కోసం సిస్టం రెడీ చేసుకుంటున్నారు. రాక్‌స్టార్ ఆ ఆటని ప్రకటించింది ప్లేస్టేషన్ 5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్‌కి. నేనిది రాసే సమయానికి పీసీకి తేదీయే చెప్పలేదు. తేదీ లేని పెళ్లికి పట్టుచీరలు కొంటున్నట్టుంది వీళ్ల వరస. కొందరు నేరుగా రైజెన్ 7 9800ఎక్స్3డీ పేరే ఎత్తుతారు. గొప్ప చిప్పే, కాదనను. కానీ అది ఏఎం5 సాకెట్‌ది. దానికి కొత్త బోర్డు కావాలి, డీడీఆర్5 ర్యామ్ కావాలి. చెప్పేది ఒక్క ప్రాసెసర్ పేరు, కట్టేది మూడు బిల్లులు.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా నాన్నతో ఈ మాట అన్నాను. "ప్రాజెక్టు కోసం" అనలేదు, ఆటల కోసమే అని చెప్పాను. ఆయన వ్యవసాయం చేస్తారు, ప్రాసెసర్ అంటే ఆయనకి తెలియదు. అంతా విని, "మోటారు హెచ్‌పీ పెంచితే నీళ్లు రావురా, ముందు బోరులో నీళ్లున్నాయో లేదో చూసుకోవాలి" అన్నారు. మనం బాటిల్‌నెక్ అని గంటసేపు వివరించేది అదే.

బోరులో నీళ్లు చూసుకోవడం ఎలా? పెద్ద పనేం కాదు. మీరు రోజూ ఆడే ఆట తెరవండి. రిజల్యూషన్ 1080పీ నుంచి 720పీకి దించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగిందా? అయితే ఇరుకు గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఉంది, ప్రాసెసర్ మార్చి లాభం లేదు. ఎఫ్‌పీఎస్ దాదాపు అంతే ఉండి, కార్డు వాడకం 60, 70 శాతం దగ్గరే ఆగిపోయిందా? అప్పుడు ప్రాసెసర్ మీద అనుమానపడొచ్చు. ఆ అనుమానం తీరేముందు ఇంకో రెండు చూసుకోండి: ర్యామ్ రెండు స్టిక్కులుగా డ్యూయల్ ఛానెల్‌లో ఉందా, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేశారా? హీట్‌సింక్‌లో హాస్టల్ దుమ్ము పేరుకుందేమో కూడా చూడండి. ఇవన్నీ పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్‌లు.

నా సిస్టంలో రెండు ఆటలకి రెండు జవాబులొచ్చాయి. సైబర్‌పంక్ 2077లో కార్డే నిండిపోతోంది, ప్రాసెసర్ ఖాళీగా ఎదురుచూస్తోంది. కౌంటర్ స్ట్రైక్ 2లో మాత్రం రిజల్యూషన్ ఎంత దించినా ఎఫ్‌పీఎస్ కదలదు. పొగబాంబులు పడి పదిమందీ ఒకచోట చేరితే ఆట ముక్కలు ముక్కలుగా నడుస్తుంది. నాది 144 హెర్ట్జ్ మానిటర్, అంటే ఒక్కో ఫ్రేమ్ 6.9 మిల్లీసెకన్లలో తయారవ్వాలి. నా చిప్ అంత త్వరగా అందించలేకపోతోంది. నేను ఎక్కువగా ఆడేది ఈ రెండో ఆటే కాబట్టి నాకు తీర్పు తేలిపోయింది.

నాకు కలిసొచ్చింది సాకెట్. 2017లో మొదటి రైజెన్ వచ్చిన ఏఎం4 సాకెట్‌లోనే రైజెన్ 5 5600 కూడా కూర్చుంటుంది. 2600లోనూ ఆరు కోర్లే, 5600లోనూ ఆరే. మరి తేడా ఏమిటంటారా? 2600లో కోర్లు మూడేసి చొప్పున రెండు గదుల్లో ఉంటాయి, గదికి 8 ఎంబీ ఎల్3 క్యాష్. కావాల్సిన డేటా పక్క గదిలో ఉంటే వెళ్లి తెచ్చుకోవాలి. 5600లో ఆరు కోర్లకీ ఒకటే హాలు, అందరికీ కలిపి 32 ఎంబీ. ఆటలకి ఆ ప్రయాణం తగ్గడమే పెద్ద లాభం. నా ర్యామ్, బోర్డు, కూలర్ అన్నీ అలాగే ఉంటాయి. ర్యామ్ ధరలు మండుతున్న రోజుల్లో చేతిలో ఉన్న 16 జీబీ డీడీఆర్4 చిన్న ఆస్తేం కాదు.

కాబట్టి నేను కొంటున్నాను. ఈ వారాంతం సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి నాలుగు షాపుల్లో అడిగి తెచ్చుకుంటాను. నా 14,000లో పని అయిపోతుంది, పాత చిప్ అమ్మితే కొంత తిరిగొస్తుంది. ఇదే బాటలో ఉన్నవాళ్లకి రెండు జాగ్రత్తలు. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయండి, లేకపోతే కొత్తది వేశాక స్క్రీనే రాకపోవచ్చు. కూలర్‌ని నిలువుగా లాగకండి. కాసేపు ఆట ఆడి పేస్ట్ వేడెక్కాక సిస్టం ఆఫ్ చేసి, కూలర్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయండి. ఏఎం4 చిప్‌కి పిన్నులు కిందే ఉంటాయి. కూలర్‌తో పాటు చిప్ ఊడొచ్చి పిన్నులు వంగితే ఆ బాధ వర్ణించలేం.

అయితే అందరికీ నా జవాబే సరిపోదు. మీ బోర్డులో వేయగలిగిన మంచి చిప్ ఇప్పటికే ఉంటే, మీకు మిగిలింది మొత్తం ప్లాట్‌ఫాం మార్పే. ఈ ర్యామ్ ధరల్లో దానికి నేను "ఆగండి" అనే అంటాను. మీది మొదటి తరం రైజెనో, ఇంటెల్ ఏడో తరమో అయితే కథ వేరు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఆ చిప్‌లని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అప్పుడది ఆటల సమస్య కాదు, భద్రత సమస్య.

ఆగేవాళ్లకి నా మనవి ఒక్కటే. "ఏదో మంచిది వచ్చేదాకా" అని ఆగకండి. మంచిది ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. "ఇంత డబ్బు పోగయ్యేదాకా", "ధర ఇంతకి దిగేదాకా", "చేతిలో ఆఫర్ లెటర్ పడేదాకా" అని ఒక గీత గీసి, దాన్ని కాగితం మీద రాసుకుని ఆగండి. ఆ గీత వచ్చేదాకా రూమర్ వీడియోలు చూడటం మానేసి, ఉన్న సిస్టంలో హాయిగా ఆడుకోండి. గీత దాటాక కొనేయండి, కొన్నాక ఇక ధరలు వెతక్కండి.