టెర్మినల్ అంటే... దేనికి చివర?

మా వేటపాలెం స్టేషన్ విజయవాడ–గూడూరు మెయిన్ లైన్ మీద ఉంది. చెన్నై పోయే పెద్ద రైళ్లు దాని ముందు నుంచే దూసుకుపోతుంటాయి. ఆగేవి కొన్నే. ఇక్కడితో ఆఖరయ్యే రైలు మాత్రం ఒక్కటీ లేదు. మా బాపట్ల జిల్లాలోనే ఉన్న రేపల్లె సంగతి వేరు. తెనాలి నుంచి వచ్చిన పట్టాలు అక్కడితో సరి. ముందుకు పోదామన్నా దారి లేదు.

అలాగని రేపల్లెలో దిగినవాళ్లు ప్లాట్‌ఫామ్ మీదే ఉండిపోతారా? బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కుతారు. పెనుమూడి–పులిగడ్డ వంతెన మీద కృష్ణ దాటి అవనిగడ్డ వెళ్లిపోతారు. వాళ్లను దింపిన రైలు కూడా కాసేపాగి, మళ్లీ తెనాలి వైపు బయల్దేరుతుంది. రేపల్లె పట్టాలకే చివర. మన ప్రయాణానికి చివర ఎక్కడో అది చెప్పదు.

అందుకే ‘టెర్మినల్’ అనే మాట ఎక్కడ కనపడినా ఒక ప్రశ్న వేసుకోవాలి: దేనికి చివర?

ఈ మాట పుట్టింది లాటిన్‌లోని ‘టెర్మినస్’ నుంచి. అర్థం హద్దు, హద్దురాయి. మనకు పొలిమేరమ్మ ఉన్నట్టే రోమన్లకు టెర్మినస్ అనే హద్దుల దేవుడు ఉండేవాడు. ఏటా ఫిబ్రవరి 23న ఆయన పండగ. హద్దురాయికి అటు పొలం రైతూ, ఇటు పొలం రైతూ ఇద్దరూ వచ్చి, చెరో వైపు నుంచీ ఆ రాయికి దండ వేసేవాళ్లు. పొలిమేర అంటే మన ఊరు అయిపోయే చోటు, పక్క ఊరు మొదలయ్యే చోటు కూడా. పాత అర్థంలో ఈ రెండూ ఉన్నాయి. మనం ఒకటే గుర్తుపెట్టుకున్నాం.

చెట్లకు కూడా ఈ పేరుంది. ఎర్రగా పండిన ఆకులు రాల్చే మన వీధి బాదం చెట్టు శాస్త్రీయ నామం టెర్మినేలియా కటప్పా. (కట్టప్ప కాదు!) ఆకులన్నీ కొమ్మల చివర్లో గుత్తులుగా ఉంటాయని ఆ పేరు పెట్టారు. కొమ్మకు చివర అన్నమాట.

ఇక నా ఫీల్డ్‌కి వద్దాం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి టెర్మినల్ అంటే నల్ల స్క్రీన్, తెల్ల అక్షరాలు. సినిమాల్లో హ్యాకర్ టకటకా కొట్టేది అదే. ఆండ్రాయిడ్ ఫోన్లో టెర్మక్స్ యాప్ వేసుకుంటే మీకూ కనపడుతుంది. దానికి ఆ పేరెందుకు? ఒకప్పుడు కంప్యూటర్ గదంత ఉండేది. దాన్నుంచి వైర్లు లాగి, ఒక్కో వైరు చివర ఒక్కో టైపు మిషన్ లాంటిది పెట్టేవాళ్లు. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 అలాంటిదే. 1978లో వచ్చిన వీటీ100కి స్క్రీన్ కూడా ఉంది. వైరుకి అది చివర కాబట్టి టెర్మినల్. కానీ మనిషి కూర్చునేది అక్కడే, పని మొదలయ్యేదీ అక్కడే.

రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో క్లర్కు ముందు ఉండేదీ టెర్మినలే. అసలు లెక్కంతా ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లో జరిగేది. దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలన్నిటినీ కలిపిన ‘కాన్సర్ట్’ అనే సాఫ్ట్‌వేర్ మొదట నడిచింది మన సికింద్రాబాద్‌లోనే, 1994లో. ఇవాళ ఫోన్లో టికెట్ బుక్ చేస్తున్నామంటే, ఆ వైరు చివర ఇప్పుడు మన చేతిలోకి వచ్చిందన్నమాటే.

ఇంతవరకూ సరదాగానే ఉంది. ఆసుపత్రి మెట్లెక్కేసరికి ఇదే మాట గుండె ఆపేస్తుంది.

ఆమధ్య మా వీధిలో ఒక పిన్ని వాట్సాప్‌లో ఫొటో పంపింది. బాబాయికి కడుపు స్కానింగ్ తీయించారట. రిపోర్టులో ఒక లైను చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, కింద వాయిస్ మెసేజ్: “ఒరే అబ్బాయ్, టెర్మినల్ అని రాశారేంట్రా? మీ బాబాయికి ఇంకా చెప్పలేదు.” అక్కడున్నది ‘టెర్మినల్ ఇలియం నార్మల్’. ఇలియం అంటే చిన్నపేగులో ఆఖరి భాగం. అందులోనూ చివరి ముక్క, పెద్దపేగులో కలిసే చోటు, టెర్మినల్ ఇలియం. విటమిన్ బీ12ని ఒంట్లోకి తీసుకునేది అక్కడే. పేగు టీబీ ఎక్కువగా కనపడే చోటు కూడా అదే కాబట్టి డాక్టర్లు దాన్ని ప్రత్యేకంగా చూసి రాస్తారు. పక్కనే ‘నార్మల్’ అని ఉంది, కానీ మొదటి మాట చూశాక రెండో మాట పిన్ని కంటికి ఆనలేదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. గుండె వైఫల్యం ఉందేమోనని చేసే ఒక రక్తపరీక్ష పేరులో ‘ఎన్-టెర్మినల్’ అని ఉంటుంది. అది ఒక ప్రొటీన్ ముక్క చివర. ఎక్స్‌రేలో ‘టెర్మినల్ ఫాలాంక్స్’ అంటే వేలి కొస ఎముక. మనందరికీ ఉన్నదే.

మరి డాక్టర్ నిజంగానే ‘టెర్మినల్ స్టేజ్’ అన్నప్పుడో? అప్పుడూ అదే ప్రశ్న అడగాలి. జబ్బును పూర్తిగా నయం చేసే దారికి అది చివర. మనిషికి చేయగలిగిన వైద్యానికి కాదు. మన దగ్గర జరిగేది మాత్రం వేరు. “ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి” అనే ఒక్క ముక్కతో అన్నీ ఆగిపోతాయి. నొప్పికి మందు కూడా.

నొప్పి, ఆయాసం, వాంతులు, దిగులు... వీటన్నిటికీ వైద్యం ఉంది. దాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో, బోస్టన్ డాక్టర్లు ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు చికిత్స. ఇంకో గుంపుకి దాంతోపాటు మొదటి నుంచే పాలియేటివ్ కేర్. రెండో గుంపులో దిగులు తగ్గింది. బతికిన కాలం మధ్యగతం కూడా 8.9 నెలల నుంచి 11.6 నెలలకు పెరిగింది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. నొప్పి భరించలేని వాళ్లకి ఇచ్చే మార్ఫిన్ ఆసుపత్రులకు తేలిగ్గా అందాలని 2014లో చట్టం కూడా మార్చారు.

మధ్యగతం అనే మాట కూడా జాగ్రత్తగా వినాలి. స్టీఫెన్ జే గౌల్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తకు 1982లో అరుదైన క్యాన్సర్ వచ్చింది. మధ్యగతం 8 నెలలు. అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం బతుకుతారనే కదా అని ఆయన లెక్క వేసుకున్నాడు. ఆ తర్వాత 20 ఏళ్లు బతికాడు. అందరికీ అలా జరగదు. కానీ డాక్టర్ నోట వచ్చిన నెలల సంఖ్య మాత్రం క్యాలెండర్లో తేదీ కాదు.

ఇంకొకటి. మనవాళ్లు “ఆయనకి చెప్పకండి డాక్టర్ గారూ” అంటారు. ప్రేమతోనే. లైనక్స్‌లో ఒక ప్రోగ్రామ్‌ని ఆపడానికి రెండు సిగ్నళ్లున్నాయి. 15వ నంబరుది ‘నీ పని సర్దుకుని, ఫైళ్లు సేవ్ చేసుకుని ఆగు’ అంటుంది. 9వ నంబరుది చెప్పాపెట్టకుండా ఆపేస్తుంది. జబ్బు మనిషికి టైమ్ ఇస్తుంటే, దాచిపెట్టి ఆ టైమ్‌ని మనమే లాగేసుకుంటున్నాం. బాకీలు, పొలం కాగితాలు, చూడాలనుకున్న చెల్లెలు, వెంటిలేటర్ పెట్టాలా వద్దా... ఇవి ఆయన చెప్పాల్సినవి. చివరి దశలో తనకు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కుని సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసి, నోటరీ దగ్గర ధ్రువీకరించుకుంటే చాలంది.

ఇంట్లో ఎవరి రిపోర్టులోనైనా ఈ మాట కనపడితే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టకండి. రిపోర్టు పట్టుకుని డాక్టర్ దగ్గర కూర్చుని మూడే అడగండి. ఇది దేనికి చివర? నొప్పి రాకుండా ఏం చేస్తారు? రాత్రిపూట ఇబ్బందైతే ఎవరికి ఫోన్ చేయాలి? మూడో దానికి జవాబు దొరికితే, ఆ నంబర్ ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేయించండి.