టికెట్ కొంటరు, రైలెక్కరు

నెక్కొండ టేషన్ సంగతి ఎరికేనా? వరంగల్ జిల్లాల, నిజాం కాలంల ఏసిన పట్టాల మీదుంటది. 1889ల బెజవాడ దాక పోయిన లైన్ అది. నర్సంపేట దిక్కోళ్లకు రైలంటే ఈ టేషనే. పద్మావతి ఎక్స్‌ప్రెస్ ఆగుడు బందైంది. ఊరోళ్లు తిరిగి తిరిగి అడిగితే ఆఖరుకు ఒక రైలుకు హాల్టిచ్చి షరతు పెట్టిన్రు: మూడు నెలల్ల 3 లక్షల ఆమ్దానీ రావాలె, లేకుంటే హాల్టు ఉండదు.

అప్పుడు మనోళ్లేం జేసిన్రు? వాట్సాప్ గ్రూపు వెట్టి, తలా ఇంత చందాలేసుకొని, రోజూ టికెట్లు కొన్నరు. ఎక్కేది లేదు, దిగేది లేదు. ఉత్త టికెట్లు! 2024 మొదట్ల ఈ ముచ్చట పేపర్లకెక్కింది. అందరు శభాష్ అన్నరు. నేనూ అన్న. గని ఈ లెక్క సూస్తే నాకు కోపమొస్తది. రైలు ఆపకుంటే జనం వరంగల్ పోయి ఎక్కుతరు, ఆ పైసలు వరంగల్ ఖాతాల వడ్తయి. ఇగ నెక్కొండల ఆమ్దానీ ఏడికెల్లి వస్తది? దుకాణం మూసి గిరాకీ లేదన్నట్టుంది.

యూపీల దయాల్‌పూర్ టేషన్ 2006ల మూతవడ్తే 2022ల మళ్ల తెరిపిచ్చుకున్నరు. ఆడ గూడ ఊరోళ్లు చందాలతోనే టికెట్లు కొన్నరు. మరి చందా ఎయ్యలేని ఊరి సంగతేంది? దవాఖానకు పోయే ముసలోళ్లు ఆడ లేరా? హాల్టు ఇచ్చేటప్పుడు చుట్టుముట్టు ఎన్ని ఊర్లున్నయి, వేరే టేషన్ ఎంత దూరం, అది సూడాలె.

అందాక తమ్మీ, ఈడ ఆగే రైలుకు ఫోన్ల బుక్ జేస్తే ఎక్కే టేషన్ కాడ వరంగల్ అని కొట్టకు. నెక్కొండ అని కొట్టు.